పేరులేని నమూనా

వస్తువునకు వెల కట్టుట మన మెఱిగిన పనియే. దానిని చేసిన చేతికి కూలి కట్టుటయు కొంతవఱకు ఎఱుగుదుము. ఆ చేయి కదలుటకు ముందుగా, ఈ వస్తువు ఇట్లుండవలెనని తలపోసిన బుద్ధికి వెల కట్టుట మాత్రము మన యిండ్లలో నేటికిని అలవడలేదు. ఆ బుద్ధి స్త్రీదియై, ఆ పని యింటి యరుగుమీద జరుగునదియైనచో, దానిని పని యని పిలుచుటకే మనకు నోరాడదు. తీరికవేళ కాలక్షేపమని ఒక మాట అని ఊరకుందుము. ఈ మాటవలన కలుగుచున్న నష్టమెట్టిదో చదువరుల యెదుట ఉంచవలెనని మా కోరిక. దృష్టాంతమునకై దూరము పోనక్కఱలేదు. మా కోనసీమ పల్లెలలోను, వశిష్ఠకు ఆవలి యొడ్డున నరసాపురము చుట్టుప్రక్కలను సాగుచున్న లేసు అల్లికయే చాలును.

మాది అల్లవరము. అమలాపురమునకు దక్షిణముగా సముద్రపు దెసకు పోవు దారిలో, కొబ్బరితోటల నడుమ, కాలువల నడుమ నున్న యూరు. వైనతేయ సముద్రమున కలియు ఓడలరేవు మాకు చేరువనే యున్నది. మా చిన్నతనమున నరసాపురము పోవలెనన్న, బోడసకుఱ్ఱు రేవున వైనతేయను దాటి, రాజోలు మీదుగా సఖినేటిపల్లి చేరి, అచ్చట పంటుమీద వశిష్ఠను దాటెడివారము. ఆ పంటుమీద అరటిగెలలతోడను, కొబ్బరి బస్తాలతోడను, తెల్లని గుడ్డమూటలు గూడ గోదావరి దాటుచుండెడివి. ఆ మూటలలోనివి లేసులు. మధ్యాహ్నపు భోజనములై, అంట్లు తోముటయైన పిమ్మట మా ప్రాంతపు వీధులలో నడచిన వారికి అరుగులమీద వరుసగా తలలు వంచుకొని కూర్చున్న స్త్రీలు కనబడెడివారు. మాటలు సాగుచునే యుండును. వ్రేళ్ళు మాత్రము ఆగవు.

శీతలదేశములలో రెండు సూదులతో ఉన్ని అల్లుదురు. మన యుక్కకు ఉన్ని పనికిరాదు గనుక ఇచ్చట వేరూనినది క్రోషే యను ఒంటిసూది యల్లిక. కొనయందు చిన్న కొక్కెముగల సూది యొకటి, సన్నని నూలుదారపు ఉండ యొకటి; పరికరములింతియే. ఒక ఉచ్చులోనుండి మఱియొక ఉచ్చును లాగుచు పోవుటయే పని. ఇంత స్వల్పమైన సామగ్రితో బల్లగుడ్డలు, దుప్పట్ల అంచులు, తెరలు, రవికెల చేతులు మొదలైన వెన్నియో తయారగుచున్నవి.

ఈ విద్య మనకు వలస వచ్చినది. 1836లో బౌడెన్, బీర్ అను ఇంగ్లీషు మిషనరీలు భార్యలతో వచ్చి నరసాపుర ప్రాంతమున స్థిరపడిరి. ఆ పందొమ్మిదవ శతాబ్దముననే మిషనరీ కుటుంబముల స్త్రీలు లేసు అల్లికను ఇచ్చటి బీదస్త్రీలకు నేర్పిరి. వారి నుండి అది యితర కులముల యిండ్లకును ప్రాకెను. అయితే విదేశములకు సరకు పంపుట ఈ తీరమునకు అంతకు చాల ముందే తెలియును. నరసాపురము నంటియున్న మాధవాయపాలెమునను, మా మండలములోని బెండమూర్లంకలోను ఇంగ్లీషు కంపెనీవారికి వర్తకస్థానములుండెడివి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వానిని పట్టుకొనెను. ఆ మాధవాయపాలెము నుండి పోయిన నూలుగుడ్డకు ఇంగ్లీషువారు ‘మాడపొల్లం’ అని ఆ యూరిపేరే పెట్టుకొనిరి. ఆ మాట వారి నిఘంటువులలో నేటికిని కలదు. ఊరు నిఘంటువున కెక్కెను. ఆ గుడ్డను నేసినవాని పేరు, నూలు వడికినదాని పేరు ఎచ్చటను నిలువలేదు. లేసు విషయమునను ఇదియే జరిగినది, జరుగుచున్నది.

జర్మనీ దేశపు సమాజశాస్త్రవేత్త్రి మరియా మీస్ అను నామె 1970వ దశకపు చివర నరసాపురము వచ్చి, లేసు అల్లు స్త్రీల జీవితమును పరిశీలించి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అను గ్రంథమును ప్రకటించెను. ఆమె 2023లో గతించినది. పరదేశపు పండితురాలు మన యరుగులపై కూర్చుండి వ్రాసికొన్నంత శ్రద్ధగా మన మెవ్వరమును ఆ పనిని అంతకుముందు చూచియుండలేదు. ఒక స్త్రీ పువ్వులు మాత్రమే అల్లును; దానిని చేతిపని యందురు. మఱియొకతె ఆ పువ్వులను ఒకదానికొకటి అతుకును, అది అతుకుపని. గుడ్డకు అంచు పట్టించు కాజాకట్టు వేఱొకతె చేయును. మొత్తము వస్తువెట్లుండునో మొదటి యామె చూడకయే పోవచ్చును. కూలి దారమునుబట్టి యిచ్చెడివారు. దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు సూది పట్టినను ఆ రోజులలో వచ్చునది రూపాయికంటె తక్కువయే. ఏజెంట్లు, వర్తకులు, ఎగుమతిదారులు పురుషులు. అల్లువారు ‘ఇంట్లో ఆడవాళ్ళు’. గోషా పాటించు కుటుంబములవారు తమ స్త్రీలు పొలము పోక యింటనే కూర్చుండుటను గౌరవమని యెంచిరి. ఆ గౌరవమే కూలి తగ్గుటకు సాధనమైనది. తీరికవేళ చేయు పనికి కూలి అడుగుటయేల యని వర్తకుడనెను. నిజమేకదా యని యింటివారును తలయూపిరి.

మీస్ గారి గ్రంథము ముఖ్యముగా చేతి కష్టమును గూర్చినది. మేము దానికి మఱియొక మాట చేర్పదలచితిమి. అది నమూనాను గూర్చినది. ఈ అంచు ఇట్లు వంగవలెను, ఈ పువ్వునకు ఇన్ని రేకులుండవలెను, ఈ రెంటి నడుమ ఇంత ఖాళీ యుండవలెను అని మొదట తలచినవారెవరు? విదేశపు పుస్తకములనుండి వచ్చిన నమూనాలు కొన్ని కలవు. అన్నియు నవియే కావు. మా మేనత్త జీవితమును దగ్గఱనుండి చూచినవారము గనుక ఈ మాట ధైర్యముగా చెప్పగలము.

మా మేనత్తకు అక్షరములు రావు. పెండ్లియై అల్లవరము వచ్చిన పిదప తోడికోడలివద్ద సూది పట్టుట నేర్చినది. లెక్క తప్పని బుద్ధి ఆమెది. గుండ్రని పువ్వును అల్లునపుడు వరుస వరుసకు కుట్లు పెంచుచు పోవలెను. పొట్టికుట్టుతో అల్లిన వరుసకు ఆఱు చొప్పున, పొడవుకుట్టుతో అల్లిన వరుసకు పన్నెండు చొప్పున పెంచినచో పువ్వు బల్లమీద సమముగా పఱచుకొనును. తక్కువైనచో టోపీవలె ముడుచుకొనును. ఎక్కువైనచో అంచు అలలు తేలును. ఇది యామెకు ఎవ్వరును సూత్రముగా చెప్పలేదు. ‘ముడుచుకుంటే ఆకలేసింది, పెట్టమంటోంది, అలలేస్తే అరగలేదు, తగ్గించమంటోంది’ అని నవ్వుచు మాకు బోధించెడిది.

ఈ యలల సంగతి సామాన్యమైనది కాదు. కుట్లను ఒక నిష్పత్తి తప్పక పెంచుచు పోయినచో ఏర్పడు అలల తలము గణితశాస్త్రజ్ఞులు కాగితముపై చూపలేక చాలకాలము తికమకపడిన యొక జ్యామితికి రూపము. లాట్వియా దేశమున పుట్టి అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమున బోధించిన డైనా తైమిన అను నామె 1997లో దానిని క్రోషే సూదితో అల్లి విద్యార్థుల చేతికిచ్చెను. పండితులు మెచ్చిరి. ఆ సూదికి ఆ శక్తి అంతకుముందును గలదు. ఆ శక్తిని వాడుకొను స్త్రీలును గలరు. వారిని పండితురాండ్రని పిలుచువారు మాత్రము లేకపోయిరి.

మేనత్త నమూనాలకు మూలములు మా యూరిలోనివే. చుక్కల ముగ్గును పెట్టు చేతికి లెక్క వేఱుగా నేర్పనక్కఱలేదు. ఎన్ని చుక్కలనుండి ఎన్ని చుక్కలకు దిగవలెనో, సరిచుక్కలకు ఏ మెలిక అమరునో, సందుచుక్కలకు ఏది అమరునో వాకిటిలో ప్రతి యుదయమును సాధన చేసిన బుద్ధియే మధ్యాహ్నము దారములోనికి దిగెడిది. ఓడలరేవున ఆరవేసిన వలల కన్నులు, దడికట్టిన కొబ్బరియాకుల అల్లిక, పనసతొన చుట్టునుండు పీచు: ఇవి యన్నియు ఆమె కంటికి నమూనాలు. ‘ఎక్కడ చూసి నేర్చుకున్నావు అత్తా?’ అని యడిగినచో, ‘చూడ్డానికేముందే అమ్మాయ్, కళ్ళెదురుగానే ఉంది’ అనెడిది. అది వినయము కాదు. తాను చేసినది కల్పన యని అనిపించుకొనవచ్చునని ఆమెతో ఎవ్వరును చెప్పియుండలేదు.

ఒకమారు బల్లగుడ్డకు కొబ్బరియాకు అంచు తలపెట్టినది. నిలువుగా పోవునప్పుడు అంచు సొంపుగానే వచ్చును. మూల తిరుగునపుడే చిక్కు. ఈనె యొకవైపు, ఆకు మఱియొకవైపు విడిపోవును. మూడుమారులు విప్పి, నాలుగవమారు మూలయందు ఈనెను రెండుగా చీల్చి, రెండు ఆకులు ఒక మొవ్వునుండి వెడలునట్లు కూర్చినది. చూచుటకు అంతకంటె సహజమైనది వేఱొకటి లేదనిపించెను. ఆ తునకను ఒక ఏజెంటు ‘చూపించి తెచ్చిస్తానండి’ అని తీసికొనిపోయెను. నాలుగు నెలలకు అది తిరిగివచ్చెను. ఒక మూలను అంకె వ్రాసిన చీటీ కుట్టియుండెను. ‘పైదేశం ఆర్డరు, పైదేశం నమూనా. మూల దగ్గర జాగ్రత్తగా చూసి అల్లండి’ అని చెప్పి వీధిలోని స్త్రీలందఱకును దారము తూచి యిచ్చెను. ఆ వీధిలో మేనత్తయు నొకతె. మూల తెలియక చిక్కుపడిన వారందఱు ఆమె యొద్దకే వచ్చి నేర్చుకొనిరి. కూలి అందఱితోపాటు దారము లెక్కనే యిచ్చిరి. మూడుమారులు విప్పిన దారమునకును, ఆ నాలుగు మధ్యాహ్నములకును లెక్క లేదు. దారమును తూచు త్రాసులో తలపునకు తట్ట లేదుగదా!

ఇచ్చట కొందఱు ఒక ఆక్షేపము తెత్తురు. అల్లికలో క్రొత్తది యేమున్నది, అందఱును ఒకరిని చూచి యొకరు నేర్చినదే, దీనికి కర్త యెవరు అని. ఈ ప్రశ్నకు తక్కిన దేశములలో ఎట్టి సమాధానము దొరకినదో చూతము. ఐర్లండునందు 1840వ దశకపు మహాక్షామకాలమున సన్యాసినుల మఠములలో క్రోషే నేర్పి, బీదస్త్రీలకు అన్నము పెట్టిరి. అచ్చటను పువ్వు ఒకరిది, ఆకు ఒకరిది, జతకూర్చుట మఱియొకరిది. ఆ దశకముననే లండనులో రీగో ద లా బ్రాంషార్దియేర్ అను యువతి క్రోషే నమూనాలను పుస్తకములుగా అచ్చువేసి, ప్రతిదానిపైనను తన పేరుంచుకొనెను. ఆమె పేరు నేటికిని నిలిచియున్నది. ఆ ఐరిష్ పల్లెల స్త్రీల పేర్లు నిలువలేదు. ఇరువురి సూదులును ఒకటే; భేదము కాగితముననే గలదు.

ఇంకొక యామె యున్నది. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అను నామె 1910లో ఇంగ్లండున పుట్టి, అమెరికాలోని విస్కాన్సిన్‌లో కాపురముండి, రెండుసూదుల అల్లికలో నమూనాలు కల్పించి జీవించినది. ఆమె చొక్కాను గుండ్రముగా, అతుకు లేక అల్లుమని వ్రాసి పంపగా, ఒక పత్రికవారు దానిని ముక్కలుగా అల్లి కుట్టుమని మార్చి ప్రకటించిరి. అంతట ఆమె 1958లో తన స్వంత లేఖాపత్రికను ఆరంభించి, తన నమూనాలను తన మాటలలోనే పంపసాగెను. 1971లో ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’ అను గ్రంథము వెలువరించి, 1999లో మరణించువఱకు వేలమందికి గురువైనది. ఆమె ‘ఇది నేను కనిపెట్టితిని’ అనెడిది కాదు. ఏనాడో ఏ మూలనో ఒక స్త్రీ దీనిని ఎఱిగియే యుండును, నేను తిరిగి త్రవ్వి తీసితిని అను భావము వచ్చునట్లు ఒక క్రొత్త మాటను కల్పించుకొని వాడెడిది. తన పేరుతో పుస్తకములు వ్రాసికొన్న యామెయే ముందటివారి ఋణము నిట్లు ఒప్పుకొనెను. కావున పేరుంచుకొనుట అహంకారము కాదు. ఋణము తీర్చుకొనుటకు గూడ మొదట ఒక పేరు, ఒక పుస్తకము ఉండవలెను. పేరే లేనిచోట ఎవరు ఎవరికి ఋణపడినదియు తెలియదు. అట్టి చీకటిలో లాభపడువాడు నడిమివాడే.

మన ప్రభుత్వమువారు ఏమియు చేయలేదనుట సరికాదు. 1999లో వచ్చిన భౌగోళిక గుర్తింపుల చట్టము క్రింద 2024లో నరసాపురం క్రోషే లేసునకు గుర్తింపు లభించెను. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములతోడను, మన రాజోలు, అమలాపురము ప్రాంతములతోడను ఈ పనికి గల సంబంధము అందు చేరియున్నది. పదునైదువేలమందికి పైగా స్త్రీలు దీనిపై ఆధారపడియున్నారని ఆనాడు పత్రికలు వ్రాసినవి. యంత్రముపై తయారై చవుకగా వచ్చిపడు లేసులతో పోరాడుటకు ఇది మంచి ఆయుధము. అయినను ఈ గుర్తింపు ఊరికి చెందునది. ‘మాడపొల్లం’ వలె ఊరిపేరును నిలుపునది. ఒక్కొక్క నమూనాను కల్పించినవారికి వేఱే చట్టము, 2000 సంవత్సరపు డిజైనుల చట్టము కలదు. దాని క్రింద నమోదైన రూపమునకు మొదట పదేండ్లు, తరువాత మఱి అయిదేండ్లు రక్షణ యుండును. కాని లోకమునకు వెల్లడి కాకముందే నమోదు చేయవలెను. ‘చూపించి తెచ్చిస్తాను’ అని తునకను పట్టుకొనిపోయిన మఱునాటినుండి ఆ తలుపు మూసికొనుట మొదలిడును. తన నమూనాకు విలువగలదని ముందుగా తెలియని స్త్రీకి ఆ చట్టమెట్లు తోడ్పడగలదు?

అందుచేత పని యింటనుండియే మొదలుకావలెను. మా మేనత్తకు కంటిచూపు మందగించి, సన్నదారము కనబడని స్థితి వచ్చినప్పుడు మాకు ఈ సంగతి తీవ్రముగా తట్టినది. ఆమె నమూనాలు ఆమె తలలో తప్ప వేఱెక్కడను లేవు. ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలిని ప్రక్కను కూర్చుండబెట్టి, నోటుపుస్తకమున వ్రాయుమంటిమి. మొదటి దినము ఒక్క వరుసయైనను సాగలేదు. ‘నోటితో చెప్పమంటే రావట్లేదే’ అని మేనత్త చేతులెత్తినది. మఱునాడు లావు దారము, పెద్ద సూది చేతికిచ్చితిమి. సూది పడగానే లెక్క వచ్చినది. వ్రేళ్ళు ముందు కదలుచు, నోరు వెనుక చెప్పుచు, మనుమరాలు వ్రాయుచు పోయెను. గొలుసుకు ఇన్ని, పొడవుకుట్టు ఇన్ని, ఇచ్చట రెండు వదలి మూడవదానిలో అని. రెండు వేసవులలో నలువదియొక్క నమూనాలు పుస్తకమున కెక్కినవి. ప్రతిదానిక్రింద ఎన్ని గంటలు పట్టునో, ఎంత దారము పట్టునో వ్రాయించితిమి. తోడికోడలివద్ద నేర్చినవి పదునాలుగని, తాను కల్పించినవి ఇరువదియేడని మేనత్తయే విడదీసి చెప్పినది. మొదటి పుటలో తోడికోడలి పేరు పెట్టుమన్నది. ఆ క్రింద తన పేరు వ్రాయుమనుటకు కొంత బ్రతిమాలవలసి వచ్చినది. వ్రాసిన పిదప పుస్తకము నొడిలో పెట్టుకొని, ఆ యక్షరములపై వ్రేలుంచి, కుట్లు లెక్కించినట్లు ఒక్కొక్కటే లెక్కించినది.

ఇట్టి పుస్తకము ప్రతి వీధికి ఒకటి యుండవలదా? దీనికి ధనము అక్కఱలేదు. చదువుకొన్న కోడలో, మనుమరాలో దినమునకు అరగంట ఇచ్చిన చాలును. ఆడపిల్లలకు చదువెందుకని యడుగు కాలము గడచినది. ఆ చదువు ఇంటిలోని పెద్దదాని జ్ఞానమును నిలుపుటకు ఉపయోగపడనిచో, అది సగము చదువే. గంటల లెక్క చేతిలోనుండిన, కూలి అడుగునపుడు మాటకు బలము వచ్చును. తేదీతో పేరు వ్రాసి, ఏజెంటు పట్టుకొనిపోవు ప్రతి తునకకును చీటీ పుచ్చుకొన్నచో, తరువాతి మాట తరువాత తేలును. పదిమంది స్త్రీలు కలిసి ఒక సంఘముగా ఏర్పడినచో, నమోదుకు కావలసిన రుసుము, వ్రాతకోతలు పంచుకొనవచ్చును. కేంద్రప్రభుత్వపు హస్తకళల శాఖవారు కళాకారులకు ఇచ్చు గుర్తింపు కార్డు గలదు. దానిని తీసికొనుటకు చాలమంది యిండ్లలో అడ్డుపడునది దారిద్ర్యము కాదు. ‘మన ఇంటి ఆడది కూలిదని ఊరంతా తెలియాలా?’ అను మగవారి బిడియము. బ్యాంకు గుమాస్తాకు, బడిపంతులుకు కార్డు గౌరవమైనపుడు లేసు అల్లు తల్లికి అది యవమానమెట్లగును?

మా చదువరులలో పెక్కుమంది సంస్కరణము కోరువారు. బాల్యవివాహము, వరకట్నము, వితంతువుల దుఃఖము వంటి పెద్దవిషయములను గూర్చి మాటలాడుట వారికి క్రొత్తకాదు. ఇది చిన్నవిషయముగా తోచవచ్చును. కాని యొక మాట ఆలోచింపుడు. జనాభా లెక్కలు వ్రాయువారు గుమ్మములోనికి వచ్చి, ఈ యింటి యామె ఏమి పని చేయునని యడిగినప్పుడు, ప్రక్కగదిలో సూది కదలుచునే యుండగా, ‘పనేమీ లేదండి, ఇంట్లోనే ఉంటుంది’ అని జవాబు చెప్పునది మన నోళ్ళే. వర్తకుడు తక్కువ కూలి యిచ్చుటకు పూర్వమే మనము సున్న వ్రాయించుచున్నాము. వేలమంది స్త్రీలు ఇట్లు లెక్కలోనుండి తొలగిపోవుచున్నారు. ఈసారి ఆ ప్రశ్న వచ్చినపుడు జవాబు ఆమెనే చెప్పనిండు. లేసు అల్లుదునని, నమూనాలు కట్టుదునని, దినమునకు ఇన్ని గంటలని ఆమె చెప్పగా, వచ్చినవారు దానిని వ్రాసికొన్నారో లేదో ప్రక్కన నిలిచి చూచుట మన పని.